రెండో జాడీ

మా అమ్మకో అలవాటుండేది. వేసవిలో మామిడికాయ ఊరగాయ ఎంత కొద్దిగా పెట్టినా సరే, రెండు జాడీల్లోకి ఎత్తేది. చిన్నజాడీ వంటింట్లో, రోజూ వాడకానికి. పెద్దజాడీకి వాసెన కట్టి లోపలిగదిలో బియ్యం బస్తాల పక్కన పెట్టేది. "రెండూ ఒక ఊరగాయే గదా, ఒక్కదాంట్లోనే పెడితే పోలా?" అని నేను విసుక్కుంటే, "తడిగరిటె ఏ పొద్దు ఎవరు పెడతారో ఎవరికి తెలుసే! ఒకటి బూజు పట్టినా ఇంకోటి ఉంటాది" అనేది. ఆ రెండు జాడీల్ని ఒకే గూట్లో మాత్రం చచ్చినా పెట్టేది కాదు.

ఆ మాటలోని అర్థం నా బుర్రకెక్కడానికి నలభై ఏళ్ళు పట్టింది. అదైనా వంటింట్లో కాదు. మా ఇంటి హాల్లో నేలమీద చాప వేసుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో, పక్కరేకు విప్పిన కంప్యూటరు ముందు కూచున్నప్పుడు!

నవ్వకండి. కుక్కరు గాస్కెట్టు మార్చేది మనమే, మిక్సీ బ్లేడు బిగించేది మనమే, కుట్టుమిషను కింద నూనె పోసేదీ మనమే. అలాంటప్పుడు కంప్యూటర్లో హార్డ్ డిస్కు బిగించడం మాత్రం మగవాళ్ళ విద్య ఎలా అయింది చెప్పండి? అయినా నేనేదో సరదాకి దానిమీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యక తప్పని పరిస్థితి వచ్చింది.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మెట్టినిల్లు ఆదోని. ఒకటి మగ్గాల ఊరు, ఒకటి పత్తి ఊరు. ఆదోని మార్కెట్టుకి పత్తి బళ్ళు వచ్చే రోజుల్లో గాలిలో కూడా దూది తేలుతుంటుంది. అది కంప్యూటర్లోకీ దూరుతుంది. ఆ కంప్యూటరు 2007లో మావాడు ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. వాడు చదువు ముగించి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళాక, అది మా ఇంట్లో అల్లుడు వదిలేసిపోయిన గొడుగులా ఓ మూల ఉండిపోయింది. మావారు అందులో పేకాట ఆడేవారు. ఒక్కరే. ఓడిపోయేవారు కూడా.

కానీ ఆ పెట్టెలో పేకముక్కలే కాదు, మా అమ్మ కూడా ఉంది.

అమ్మ చివరి రోజుల్లో కర్నూల్లో మా చెల్లెలి దగ్గర ఉండేది. ఆమె పోయాక పాత ఫోటోల ఆల్బం అక్కడే ఉండిపోయింది. 2009 వేసవి సెలవుల్లో మావాడు స్నేహితుడి దగ్గర స్కానరు అరువు తెచ్చుకుని, ఆ ఆల్బం ఆదోనికి పట్టుకొచ్చి, వారంరోజులు కూచుని ఒక్కొక్క ఫోటోనే కంప్యూటర్లోకి ఎక్కించాడు. మొత్తం నూటపన్నెండు. తర్వాత ఆల్బాన్ని భద్రంగా పాతచీరలో చుట్టి మళ్ళీ కర్నూలు చేర్చాం. భద్రంగా!

ఆ ఏడే అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, తుంగభద్రా హంద్రీ కలిసి పొంగి కర్నూలు పాతబస్తీని ముంచేశాయి. ఎగువన మంత్రాలయం నీళ్ళల్లో నిలబడింది. మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని పక్కింటి మిద్దె ఎక్కింది. మూడోనాటికి గాని ఫోను కలవలేదు. "అక్కా, మనుసులం మిగిల్నాం. సామాన్లంతా పాయె. అమ్మ ఫోటోలు గూడ బురదైపాయె" అని ఏడ్చింది. బీరువా పోయినందుకు కాదు, టి.వి. పోయినందుకు కాదు. ఆల్బం కోసం ఏడ్చింది.

"ఏడవొద్దే, నా దగ్గరున్నాయి. కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి" అన్నాను నేను, అదేదో నా ముందుచూపే అయినట్టు. ఆ క్షణమే వాటికి ఇంకో కాపీ తీసి ఉండాల్సింది. రేపు తీద్దాం అనుకున్నాను. మన ఇళ్ళల్లో రేపు అనే మాటకి ఎంత ఆయుష్షో మీకు తెలియంది కాదు. ఆ రేపు రెండేళ్ళు నడిచింది.

2011 నవంబరులో ఒకనాడు కంప్యూటరు లోపల్నుంచి టిక్... టిక్... అని చప్పుడు మొదలైంది. గోడలో బల్లి కాబోలు అనుకున్నారు మావారు. బల్లి కాదు. ఫోన్లో ఆ చప్పుడు వినిపిస్తే మావాడి గొంతు మారిపోయింది. "అమ్మా, ముందు ఆపెయ్యి. హార్డ్ డిస్కు పోయేముందు అలా చప్పుడు చేస్తుంది. మళ్ళీమళ్ళీ ఆన్ చెయ్యకు. కొత్త డిస్కు కొని, పాతదాని పక్కనే లోపల బిగించి, వెంటనే దీంట్లోంచి దాంట్లోకి ఎక్కించాలి" అన్నాడు.

ఊళ్ళో ఒక రిపేరు దుకాణానికి ఫోను చేస్తే, "తెచ్చివ్వండి మేడం, ఫార్మాట్ కొట్టి ఇస్తాం. లోపలున్నదానికి మాత్రం గ్యారంటీ లేదు" అన్నాడు ఆ అబ్బాయి. నాకు కావలసిందే ఆ లోపలున్నది. పెట్టె ఎవరిక్కావాలి? మావాడికి సెలవు దొరికేది సంక్రాంతికి. అందాకా ఆగేట్టు లేదు.

"నువ్వే చెయ్యగలవమ్మా. నాలుగు మరలు, రెండు వైర్లు. అంతే" అన్నాడు వాడు.

మావారు మాత్రం కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "షాకు కొడుతుందేమో ఆలోచించుకో" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకిచ్చిన సలహాలన్నీ ఇంచుమించు ఇలాంటివే.

కొత్త డిస్కు కొనబోతే అక్కడ ఇంకో వింత. "దసరాకి ముందొచ్చింటే ఇందులో సగం ధరకి ఇచ్చేవాణ్ణి మేడం. థాయిలాండులో వరదలు" అన్నాడు దుకాణదారు. ఇదేం చోద్యం, థాయిలాండులో వరదొస్తే ఆదోనిలో ధర పెరగడమేమిటి అనుకున్నాను. నిజమే. ప్రపంచంలోని హార్డ్ డిస్కుల్లో పెద్దవాటా ఆ దేశంలోనే తయారయ్యేవి. ఆ అక్టోబరులో అక్కడి కర్మాగారాలు నీటమునిగాయి. దాంతో లోకమంతటా ఆ సరుకుకి కటకట వచ్చింది. చూశారా, ఒక వరద మా అమ్మ ఆల్బం పట్టుకుపోతే, ఇంకో వరద ఆ ఆల్బాన్ని కాపాడుకునే ఖర్చు రెట్టింపు చేసింది. మారుమాట్లాడకుండా అయిదువందల జి.బి. డిస్కు ఒకటి కొని, పసిపాపని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాను. పై వాటాలో అద్దెకున్నవాళ్ళ అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, టార్చి పట్టుకుని సహాయానికి వచ్చింది. ఫోన్లో మావాడు. ముందు స్విచ్చి ఆపి, గోడలోంచి ప్లగ్గు పీకేశాను. తర్వాత కంప్యూటరు పెట్టె ఇనపరేకుని అరచేత్తో తాకమన్నాడు. మన ఒంటిమీద, ముఖ్యంగా నైలాను చీర కట్టుకున్నప్పుడు, కంటికి కనపడని విద్యుత్తు చేరుతుందట. అది వేలికొస నుంచి లోపలి పలకలమీదికి దూకితే వాటి పని సరి. అందుకని నేనా పూట నూలుచీరే కట్టుకున్నాను. ఎమ్మిగనూరు ఆడపడుచుని, నూలుచీరకి కరువా!

పక్కరేకు విప్పితే లోపల నాలుగేళ్ళ ఆదోని పత్తి. దాన్ని మెత్తటి బ్రష్షుతో దులిపాక అసలు రూపం కనిపించింది. అడుగున ఒక పెద్ద ఆకుపచ్చ పలక, పైమూల విద్యుత్తునిచ్చే పెట్టె, ముందువైపు అరలు. ఒక అరలో పాత హార్డ్ డిస్కు, దానికింద అచ్చం అదే కొలతలో ఇంకో ఖాళీ అర. కొత్తవాడొస్తాడని ముందే చోటు ఉంచారన్నమాట. పాత కంప్యూటర్లలో డిస్కుకి జడరిబ్బనులాంటి వెడల్పు వైరు ఉండేదట. ఇప్పుడు సన్నటి తీగ, దాని మొన ఎల్ అక్షరంలా వంగి ఉంటుంది. తలకిందులుగా పెడదామన్నా దూరదు. ఆడవాళ్ళెవరో ఆలోచించి చేసినట్టున్నారు అనుకున్నాను.

కొత్త డిస్కుని చేతిలోకి తీసుకున్నాను. మన అగ్గిపెట్టెలు ఓ డజను పక్కపక్కన పేర్చినంత ఉంది. దీంట్లో ఏముంటుందని ఆ అమ్మాయి అడిగింది. నిజం చెప్పొద్దూ, నాక్కూడా తెలీదు. తర్వాత మావాణ్ణడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీకూ చెబుతాను, వినండి.

లోపల అద్దంలా మెరిసే పళ్ళేలుంటాయి, గ్రామఫోను రికార్డుల్లా. పళ్ళెంమీద అయస్కాంతపు పూత. నా దాంట్లో పళ్ళెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120. దానిమీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతూ అయస్కాంతపు చుక్కలు పెడుతుంది, పెట్టిన చుక్కల్ని చదువుతుంది. గ్రామఫోను ముల్లు రికార్డుని తాకుతుంది గాని, ఈ చెయ్యి పళ్ళేన్ని తాకకూడదు. తాకకుండా తేలుతుంటుంది. మధ్య ఖాళీ మన తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ సందులో దుమ్ముకణం పడినా, చెయ్యి పళ్ళేన్ని గీకినా అంతే సంగతులు. అందుకే కంప్యూటరు మూత విప్పవచ్చు గాని, హార్డ్ డిస్కు మూత విప్పకూడదు. పెద్దజాడీకి వాసెన కట్టినట్టే దాన్ని బిగించి ఉంచుతారు.

ఇది పుట్టిన కథ ఇంకా వింత. మొట్టమొదటి హార్డ్ డిస్కుని 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. వారు అమ్మకానికి తెచ్చారు. కాలిఫోర్నియాలో శాన్‌హోసే అనే ఊళ్ళో రేనాల్డ్ జాన్సన్ అనే ఆయన నడిపిన పరిశోధనశాలలో తయారైంది. ఆ కంప్యూటరు పేరు రామాక్. దాని డిస్కు యంత్రం బరువు ఇంచుమించు ఒక టన్ను. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, ఒకదానిమీద ఒకటి. యాభైకీ కలిపి ఒకే చెయ్యి. ఏ పళ్ళెం కావాలంటే ఆ అంతస్తుకి ఎక్కుతూ దిగుతూ ఉండేది, పాపం, మన అపార్టుమెంట్లలో పాలబ్బాయిలాగా. ఇంత ఆర్భాటంతో అందులో పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఈనాటి సెల్‌ఫోనుతో తీసిన ఫోటో ఒక్కటి పెడితే నిండిపోతుంది! మొత్తం కంప్యూటరుకి అద్దె నెలకి 3,200 డాలర్లు. నా ఒళ్ళో కూచున్న డిస్కులో ఉన్నంత చోటు కావాలంటే అలాంటివి లక్ష యంత్రాలు తేవాలి. ఆదోని కొండ చుట్టూ పేర్చినా పట్టవేమో.

అందులో మన మనసుకి నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ పళ్ళేలకి అయస్కాంతపు రంగు ఎలా పుయ్యాలో మొదట ఎవరికీ తోచలేదట. రంగులో ఉండలు. చివరికి ఆడవాళ్ళు కాళ్ళకి తొడుక్కునే పలచటి మేజోడు తెచ్చి దాంట్లో వడకట్టారు. కాగితపు గ్లాసుతో పళ్ళెం మధ్యలో పోసి గిర్రున తిప్పితే, రంగు అంచుదాకా సమంగా పరుచుకుంది. మనం మజ్జిగ గుడ్డలో వడకట్టడం, పెనంమీద పిండి పోసి గుండ్రంగా తిప్పడం... అంతకంటే ఏముంది! అంత పెద్ద ప్రయోగశాల కూడా చివరికి వంటింటి విద్య దగ్గరికే వచ్చింది.

తర్వాత అన్నీ చిన్నవవుతూ వచ్చాయి. 1973లో ఐ.బి.ఎం. వారే పళ్ళేల్నీ చేతుల్నీ కలిపి గాలిదుమ్ము చొరకుండా ఒకే డబ్బాలో పెట్టి, దానికి వించెస్టర్ అని పేరు పెట్టారు. 1980లో మేజామీద కంప్యూటర్లో ఇమిడేంత డిస్కు వచ్చింది. దాంట్లో పట్టేది అయిదు ఎం.బి., మొదటి టన్ను యంత్రంలో పట్టినంతే. 1983లో లోపలే హార్డ్ డిస్కు బిగించిన ఐ.బి.ఎం. పి.సి. వచ్చింది, పది ఎం.బి.తో. మనదేశంలో కూడా అప్పుడప్పుడే తలుపులు తెరుచుకున్నాయి. హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే కంప్యూటరు అందించినా, మామూలు ఆఫీసుల్లోకి అవి రావడం 1984లో ప్రభుత్వం విధానం మార్చాకనే. 1998 నవంబరులో మన రాష్ట్రంలో రిజిస్ట్రారు ఆఫీసులకి కంప్యూటర్లు వచ్చాయి. మన ఇళ్ళూ స్థలాల వివరాలు తాటికాయంత పుస్తకాల్లోంచి ఈ పళ్ళేలమీదికి ఎక్కడం మొదలైంది. అంటే అయస్కాంతపు చుక్కల్ని నమ్ముకుని కాపురాలు చేస్తున్నామన్నమాట!

సరే, మన చాపమీదికి వద్దాం. డిస్కుని ఖాళీ అరలోకి జరిపి, అటు రెండు ఇటు రెండు మరలు బిగించాను. మరీ బిర్రుగా బిగించకు అన్నాడు మావాడు. కరెంటు తీగ, సమాచారపు తీగ రెండూ గుచ్చాను. పక్కరేకు ఇంకా వెయ్యకుండానే స్విచ్చి వేశాను.

నల్లటి తెర. దానిమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మొదలుపెట్టడానికి డిస్కే కనపడటం లేదంటోంది.

నా గుండె ఆగినంత పనైంది. చెయ్యకూడని పని చేశానా? రెండేళ్ళుగా దాచుకున్నది నా చేతులతోనే పోగొట్టానా? మావారు పేపరు దించారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు ఎక్కువ భయం. "మళ్ళీ ఆపమ్మా. ప్లగ్గు తీసి, పాతదాని వైరు చూడు" అన్నాడు మావాడు. టార్చి వెలుగులో చూస్తే, కొత్తది గుచ్చేటప్పుడు నా గాజులు తగిలి పాతదాని తీగ సగం ఊడి ఉంది! గాజులు తీసి పక్కన పెట్టాను. రెండు తీగలూ పలకవైపు నుంచి పూర్తిగా పీకి, మళ్ళీ గట్టిగా గుచ్చాను. ఈసారి తెరమీద రెండు డిస్కుల పేర్లూ కనిపించాయి. ఆ అమ్మాయి "వచ్చేసింది ఆంటీ!" అని చప్పట్లు కొట్టింది.

అసలు గండం ఇంకా ముందుంది. కొత్త డిస్కు కోరా గుడ్డలాంటిది. దాన్ని గళ్ళుగా విభజించి, వాడకానికి సిద్ధం చెయ్యాలి. దాన్నే ఫార్మాట్ అంటారు. అదే పని నిండిన డిస్కుమీద చేస్తే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెరమీద రెండు వరసలున్నాయి. డిస్క్ 0, డిస్క్ 1.

"పాతది ఎప్పుడూ సున్నా అమ్మా. నువ్వు ఒకటి నెంబరు దానిమీద నొక్కు" అన్నాడు మావాడు. వాడు చెప్పినట్టే బాణం అక్కడికి తీసుకెళ్ళాను. నొక్కబోతూ ఆగాను. ఎందుకో చెప్పలేను. డబ్బామీద రాసిన పేరు నమ్మి పప్పులో చెయ్యి పెడితే అందులో చక్కెర ఉండటం మన వంటిళ్ళల్లో మామూలే గదా. పేరు కాదు, బరువు చూడాలి. చూస్తే ఒకటో నెంబరు దాంట్లో ఉన్నది డెబ్బైనాలుగు జి.బి. చిల్లర! సున్నా దాంట్లో నాలుగువందల అరవై పైచిలుకు. అంటే పెద్దది, ఖాళీది, కొత్తది సున్నా. తీగలు పీకి మళ్ళీ గుచ్చినప్పుడు నేనే తారుమారు చేశాను.

"ఒరే నాయనా, నీ ఒకటో నెంబర్లో మీ అవ్వ ఉందిరా!" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "సారీ అమ్మా" అన్నాడు మెల్లగా. ఇంజనీరింగు చదివించిన తల్లికి ఆ మాత్రం దక్కడం అరుదు, ఒప్పుకోండి.

కొత్తదాన్ని సిద్ధం చేసి, ముందుగా అమ్మ ఫోటోలే ఎక్కించడం మొదలుపెట్టాను. టిక్... టిక్... అంటూనే ఉంది పాత డిస్కు. ఒక్కో ఫోటో దాటుతుంటే కాన్పుగది బయట కూచున్నట్టుంది. పదో ఇరవయ్యో దాటాక ఒకచోట ఆగిపోయింది. నిమిషం, రెండు నిమిషాలు... చివరికి దాటింది. దాన్ని తెరిచి చూశాను. అమ్మ అరుగుమీద రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. వెనక తెరిచిన తలుపులోంచి పక్కింటి మగ్గం తాత మగ్గం, దాని నెత్తిన వేలాడుతున్న అట్టల దండ.

ఆ అట్టల్ని చూశాక నాకు చిన్నతనం గుర్తొచ్చింది. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. వీధిలో నడుస్తుంటే ఇంటింటా మగ్గం చప్పుడు వినపడేది. మిగతా మగ్గాలకంటే మగ్గం తాతది ఎత్తు ఎక్కువ. పైన జాకార్డు యంత్రం, దానికి దారంతో కుట్టిన అట్టలు, అట్టనిండా రంధ్రాలు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగేది. రంధ్రం ఉన్నచోట పడుగుపోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. నాడె అటునుంచి ఇటు పరిగెడుతుంది. ఒక్కో పేకపోగుకి ఒక్కో అట్ట. అలా వందల అట్టలు తిరిగితే దుప్పటిమీద ఒక నెమలి. "తాతా, నెమలి ఎట్ల ఏయాల్నో నీకెట్ల గుర్తుంటాది?" అని అడిగితే, "నాకేడ గుర్తుంటాది బిడ్డా, అట్టకు గుర్తుంటాది" అనేవాడు.

ఆ మాట ఎంత పెద్ద మాటో తర్వాత తెలిసింది. జాకార్డు అనేది మనిషి పేరు. ఫ్రాన్సులో లియాన్ అనే పట్టునేత ఊళ్ళో జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతంలో ఆ యంత్రాన్ని తీర్చిదిద్దాడు. అంతకుముందు 1725లోనే అదే ఊళ్ళో బూషోన్ అనే ఆయన కాగితానికి రంధ్రాలు పొడిచి మగ్గాన్ని నడపాలని చూశాడు. జాకార్డు బొమ్మనే పట్టుతో 1839లో నేశారు, ఇంచుమించు ఇరవైనాలుగు వేల అట్టలతో. అది ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ అనే గణితశాస్త్రజ్ఞుడి ఇంట్లో గోడకి వేలాడింది. ఆయన ఊహించిన లెక్కల యంత్రానికి కూడా అట్టలతోనే ఆజ్ఞలివ్వాలనుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో వివరంగా రాసింది ఒక ఆడమనిషి, అడా లవ్‌లేస్, ముగ్గురు పిల్లల తల్లి. మగ్గం పువ్వుల్నీ ఆకుల్నీ నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని ఆమెకి తోచింది. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హోలరిత్ అనే ఆయన రంధ్రాల అట్టలమీదే తేల్చాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి పెరిగి ఐ.బి.ఎం. అయింది. ఆ ఐ.బి.ఎం. అట్టల గుట్టలు వెతుక్కునే బాధ తప్పించడానికే తిరిగే పళ్ళేలు తెచ్చింది. రంధ్రం ఉందా లేదా అన్నదే అయస్కాంతపు చుక్క ఇటా అటా అన్నదిగా మారింది. అంతే తేడా.

అంటే, నేను నేలమీద కూచుని తంటాలు పడుతున్న ఈ వస్తువు ఏడు సముద్రాల అవతలిది కాదు. దాని మేనత్తో పెద్దమ్మో మా ఎమ్మిగనూరు వీధిలో మా పక్కింట్లోనే ఉండేది!

మరి మగ్గం తాత అట్టలు ఏమయ్యాయంటారా? ఆయన పోయాక మగ్గం మూలపడింది. కొన్నాళ్ళకి అట్టల దండలు తీసి నీళ్ళపొయ్యిలో పెట్టారు. ఎండుకాగితం గదా, బాగా మండింది. ఆ నెమలి ఇంకెక్కడా లేదు. దానికి రెండో అట్టలు లేవు. మా ఇంట్లో ఒక దుప్పటి ఉండేది గాని, చిరిగి చిరిగి మసిగుడ్డయింది. దుప్పటి చిరిగినందుకు కాదు నా బాధ. దాన్ని మళ్ళీ నేసే జ్ఞాపకం కాలిపోయినందుకు.

సాయంత్రం దీపాలవేళకి నూటతొమ్మిది ఫోటోలు వచ్చాయి. మూడు రాలేదు. డిస్కు చల్లారనిచ్చి మర్నాడు పొద్దున్న మళ్ళీ ప్రయత్నిస్తే ఇంకో రెండు వచ్చాయి. ఆ తర్వాత పాత డిస్కు టిక్కు కూడా మానేసింది. మళ్ళీ లేవలేదు. పోయిన ఆ ఒక్కటి అమ్మా నాన్నా మంత్రాలయంలో నది మెట్లమీద కూచుని తీయించుకున్నది. ఇద్దరూ కలిసి నవ్వుతున్న ఫోటో అదొక్కటే. కళ్ళు మూసుకుంటే నాకిప్పటికీ కనపడుతుంది. కానీ నా కళ్ళు మూశాక ఎవరికి కనపడుతుంది?

మూడోనాడు ఇల్లు తుడుస్తుంటే ఆ కంప్యూటరు దగ్గర నిలబడిపోయాను. ఉన్నట్టుండి అమ్మ మాట తట్టింది. కొత్త డిస్కు కొన్నాను, బిగించాను, అన్నీ ఎక్కించాను, నిజమే. కానీ మిగిలింది మళ్ళీ ఒక్క జాడీయే గదా! పోనీ ఇంకో డిస్కు దాని పక్కనే బిగించినా, రెండు జాడీలూ ఒకే గూట్లో పెట్టినట్టు. పిడుగు పడితే, దొంగలు పడితే, నీళ్ళొస్తే రెండూ ఒక్కసారే పోతాయి. అమ్మ గూడు మార్చమన్నది అందుకే.

ఆ వారమే ఫోటోలన్నీ డి.వి.డి.ల్లోకి ఎక్కించాను, రెండేసి. ఒక జత బెంగుళూరుకి పంపాను. రెండోది సంచిలో పెట్టుకుని కర్నూలు బస్సెక్కాను. దార్లో ఎమ్మిగనూరులో బస్సు ఆగితే మా వీధివైపు చెవి పెట్టాను. ఎక్కడో ఒక మగ్గం ఆడుతున్నట్టే అనిపించింది. బస్సు ఇంజను చప్పుడే కావచ్చు.

మా చెల్లెలు తెరముందు కూచుని ఒక్కో ఫోటో చూసింది. రాట్నం ఫోటో దగ్గర ఆగి, "అక్కా, ఆ పొద్దు అమ్మ ముక్కుపుడక కుదువలో ఉండె. సూడు, ముక్కు బోసిగా ఉంది" అంది. ఆ సంగతి నాకు తెలీదు. డిస్కులోనూ లేదు. దాని ఒక్కదాని దగ్గరే ఉంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు నా దగ్గర కూడా ఉంది.

ఇప్పుడు తిరిగే పళ్ళేలు లేని డిస్కులు వచ్చాయి. చప్పుడు చెయ్యవు, చెప్పకుండా పోతాయి. టిక్కుమని హెచ్చరించే మర్యాద కూడా పోయింది. కాబట్టి, ఫోటోలు ఫోన్లో ఉన్నాయిలే అని నిశ్చింతగా కూచున్న అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేదొకటే. ఈ పూటే లేచి రెండో జాడీకి ఎత్తండి. దాన్ని వేరే గూట్లో పెట్టండి. రేపు అనకండి.